కాశీలో వదిలిన వేట

3 డిసెంబర్ 2024, మంగళవారం, ఉదయం

నాకు రాయడం రాదు. చదవడం అసలే రాదు. పక్కింటి తబిత రాస్తోంది. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను చెప్పినదాన్ని తన బడి తెలుగులోకి సర్దుకుంటుందట. సర్దుకోమన్నాను. తిట్లు మాత్రం సర్దకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

ఎందుకు రాయిస్తున్నారు, ఎవరికి చూపిస్తారు అని అడిగింది. ఎవరికీ చూపించను. నిన్న ఒక కాగితం మీద నా చేత వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో వాళ్ళు చదివి చెప్పారు. చెప్పిందే ఉందో, ఇంకేమైనా ఉందో నాకేం తెలుసు? వాళ్ళ కాగితం వాళ్ళ దగ్గరుంది. నా కాగితం నా దగ్గరుండాలి.

జరిగింది ఇది. కార్తీకమాసం వెళ్ళిపోయింది. నెల రోజులు ఈగలు తోలుకున్న మాంసం కొట్లవాళ్ళకు ప్రాణం లేచి వచ్చింది. రామచంద్రపురం మెయిన్ రోడ్డులో కొట్టున్న జయపాల్ నిన్న కారులో దిగాడు. వీళ్ళ నాన్న మా ఊళ్ళో మేకలు కోసేవాడు. ఇప్పుడు ఇతను వేటమాంసం అమ్మేవాళ్ళందరికీ ప్రెసిడెంటు. వేట అంటే మాకు మేకపోతు మాంసం. మటన్ అనడం నాకు ఇష్టం ఉండదు.

జయపాల్ వెంట ప్రసన్నకుమార్ అని యాడ్ కంపెనీ అబ్బాయి, విజయవాడ నుంచి. జనం చికెన్‌కి అలవాటు పడిపోయారట. వేట తింటే గుండె ఆగిపోతుందని భయపడుతున్నారట. అందుకని పేరున్నవాళ్ళ చేత చెప్పిస్తారట. కబడ్డీ ఆడే హారతి అనే పిల్ల ఒప్పుకుందట. ఒక గుండె డాక్టరు ఒప్పుకున్నాడట. మూడో మనిషి నేను. నాకేం పేరుందయ్యా అన్నాను. మామ్మగారూ మీ వేట వీడియో ఆరు లక్షల మంది చూశారండీ అన్నాడు ప్రసన్నకుమార్. ఆ వీడియోలు మా కోడలు సూర్యకళ ఫోనుతో తీసి పెడుతుంది. నేను పొయ్యి దగ్గర ఎలా మాట్లాడతానో అలాగే మాట్లాడతాను. ఆరు లక్షల మందికి పని లేదా అన్నాను.

రెడ్ మీట్ మీద అపోహలు పోగొట్టాలండీ అన్నాడు. మాంసం ఎర్రగా ఉండక పచ్చగా ఉంటుందా అన్నాను. అతను నవ్వి, ఆ ముక్క ఫోనులో రాసుకున్నాడు. అది కూడా యాడ్‌లో పెడతాడట.

వేలిముద్ర వేశాను. జయపాల్ ముఖం చూసి వేశాను. వాళ్ళ నాన్న ముక్కు అచ్చం అలాగే ఉండేది.

5 డిసెంబర్, గురువారం

మార్గశిర గురువారం. లక్ష్మీదేవికి పూజ. ఇవాళ మాంసం మాట ఎత్తను.

8 డిసెంబర్, ఆదివారం, పదకొండు గంటలు

ఆదివారం అంటే నాకు గుర్తొచ్చేది కాలవగట్టు. అది రాయి తబితా.

ఇప్పుడు కొట్టుకు వెళ్ళి కిలో, అరకిలో అని కొనుక్కుంటున్నారు. అప్పుడు అలా కాదు. పాతిక ఇళ్ళవాళ్ళు కలిసి ఒక పోతును కొనేవారు. తెల్లారేసరికి కాలవగట్టు మీద రేకుల పాక కింద కోసేవారు. కోసేది జయపాల్ వాళ్ళ నాన్న. వాటాలు వేసేది మా ఆయన బుల్లియ్య.

ఆయనకు సెంటు భూమి లేదు. కౌలుకు చేసేవాడు. కానీ వాటా వేయడంలో మోతుబరులు కూడా ఆయన మాటకు ఎదురు చెప్పేవారు కాదు. అరిటాకులు పరిచి పాతిక కుప్పలు పెట్టేవాడు. ప్రతి కుప్పలో కాస్త కార్జం, ఒక మూలగ ఎముక, కాస్త కొవ్వు, తొడ నుంచి కొంత, మెడ నుంచి కొంత. కాటా లేదు. చేత్తోనే. చిన్నకుప్ప పెద్దకుప్ప అని ఎవరూ వంక పెట్టకుండా చివర ఒక పద్ధతి ఉండేది. ఆయన కుప్పలకు వీపు పెట్టి కాలవ వైపు తిరిగి నిలబడేవాడు. ఇంకొకరు కర్రతో ఒక కుప్పను చూపించి ఇది ఎవరిది అని అడిగేవారు. ఆయన చూడకుండా ఒక పేరు చెప్పేవాడు. ఆ కుప్ప వాళ్ళది. ఊరి ప్రెసిడెంటుకు ఎముకలు వచ్చినా నోరు మూసుకుని పట్టుకెళ్ళాల్సిందే. ఇదంతా ఆయన చెప్పగా విన్నదే. ఆడవాళ్ళం అక్కడికి వెళ్ళేవాళ్ళం కాదు.

సైకిల్ హ్యాండిలుకు టేకాకు పొట్లం వేలాడుతూ వచ్చేది. టేకాకు తడి తగిలితే ఎర్రటి రంగు దిగుతుంది. ఆ రంగు ఆయన లాల్చీకి అంటుకునేది. ప్రతి సోమవారం నాకు ఆ లాల్చీతో కుస్తీ. వీధి మలుపులోనే బెల్లు కొట్టేవాడు. ఆ బెల్లు వినగానే ఊకపొయ్యి వెలిగించేదాన్ని. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి సన్నికల్లు మీద నూరుతుంటే చేతులు మండేవి. ఉడికేసరికి పదకొండు. ఇద్దరం ఒకే పళ్ళెంలో తినేవాళ్ళం. అత్తగారు ఉన్నన్నాళ్ళు కుదరలేదు. ఆవిడ పోయాక మొదలుపెట్టాం. మూలగ ఎముక నాకు. ఆయనకు పళ్ళు సరిగ్గా ఉండేవి కావు. ఎముక పీల్చే చప్పుడు వీధి దాకా వినిపిస్తోందే అని నన్ను వెక్కిరించేవాడు. వింటే విననీ, నా వాటా నేను తింటున్నాను అనేదాన్ని.

తబిత రాయడం ఆపి కళ్ళజోడు తుడుచుకుంటోంది. తుడుచుకోవడానికి నీకేమైంది అన్నాను.

10 డిసెంబర్, మంగళవారం, సాయంత్రం

షూట్ జరిగింది. జరిగిందనాలో, చెడిందనాలో.

పెరట్లో ఇద్దరు కెమెరావాళ్ళు, ఒక గొడుగులాంటిది, నాకు ముఖం మీద పొడి. పొయ్యి దగ్గర పొడి ఎందుకురా, చెమటకు కారి కూరలో పడుతుంది అన్నాను. రెండు కిలోల వేట వండాను. ఒక ముక్క గరిటెలో తీసి ఉడికిందో లేదో వేళ్ళతో నొక్కి చూశాను. మామ్మగారూ, ఆ ముక్క పైకెత్తి చూపించండీ అన్నాడు ప్రసన్నకుమార్. ఎత్తి చూపించాను. ఫొటోలు తీశారు. అంతవరకు బాగానే ఉంది.

తర్వాత, ఇప్పుడు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకోండీ అన్నాడు. నేను తినను కదా అన్నాను. అతను స్క్రిప్ట్ చూపించాడు. నాకు స్క్రిప్ట్ చూపిస్తే ఏం లాభం? చదివాడు. మామ్మ ముక్క నోట్లో పెట్టుకుంటుంది, కళ్ళు మూసుకుంటుంది, ఆదివారం అంటే వేట అంటుంది. ఇదీ రాసింది.

సూర్యకళ చెప్పింది, అత్తయ్యగారు కాశీలో వదిలేశారండీ, ఇరవై ఏళ్ళైంది, వాసన చూసే వండుతారు అని. అతను జయపాల్ వైపు తిరిగి, సార్ మీకు తెలుసా అన్నాడు. జయపాల్ నేల చూశాడు. తెలుసండీ, కెమెరా ముందుకొస్తే సర్దుకుంటారనుకున్నాను అన్నాడు. సర్దుకోవడానికి నేనేమన్నా బస్సులో సీటునా?

అప్పుడు ప్రసన్నకుమార్ ఒక ఉపాయం చెప్పాడు. పచ్చి పనసకాయ ముక్క అదే మసాలాలో ఉడికిస్తే చూడ్డానికి అచ్చం వేటలాగే ఉంటుందట. అది తినండీ, ఎవరికీ తెలియదు అన్నాడు. నాకంటే ముందు జయపాల్ లేచాడు. ఏంటండీ ఇది, వేట అమ్మడానికి పనసకాయ తినిపిస్తారా, రేపు కూరగాయల సంఘంవాళ్ళు నన్ను ఊరేగిస్తారు అని అరిచాడు. మొత్తానికి ఇవాళ నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఇంకో మాట కూడా రాయి. నమిలి ఉమ్మేయండీ, బకెట్ పెడతాం, హారతి మేడం కూడా అలాగే చేశారు, పద్నాలుగు టేకులు అన్నాడు. పద్నాలుగు ముక్కలు నమిలి బకెట్లో ఉమ్మిందట ఆ పిల్ల. ఒక పోతు ప్రాణం తీసి, కోసి, నూరి, రెండు గంటలు ఉడికించి, బకెట్లోకి. గరిటె చూపించి బయటికి నడవమన్నాను. నడిచారు.

11 డిసెంబర్, బుధవారం

కాశీ సంగతి.

2004, మాఘమాసం. రాజమండ్రిలో రైలెక్కాం, మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం నలభై మందిమి. గంగలో దిగే ముందు పంతులుగారు, కాశీకి వచ్చినవాళ్ళు ఒక కాయ, ఒక పండు వదిలేయాలమ్మా, ఇష్టమైనది వదిలితేనే ఫలం అని చెప్పాడు. తెలుగువాడే.

ఒక్కొక్కరు చెప్తున్నారు. ఒకావిడ కాకరకాయ వదిలింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ కాకరకాయ ముట్టుకోలేదు. సుగరున్న ఒకాయన సీతాఫలం వదిలాడు. డాక్టరు ఎప్పుడో మానిపించాడు. మా ఆయన వంతు వచ్చింది. పొట్లకాయ అన్నాడు. పొట్లకాయ పందిరి చూస్తే దారి మార్చుకునే మనిషి! ఇంటికి తెస్తే అన్నం మానేసేవాడు. చెప్పి, నా వైపు చూసి కన్ను గీటాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి గంగమ్మ తల్లి చేతిలో మీకు అక్కర్లేనివి పెడతారా అని అందరినీ తిట్టాను. ఇష్టమైనది వదలమన్నాడు కదా, అయితే నేను వేట వదిలేస్తున్నాను అని అరిచాను. మెట్ల మీద ఉన్న హిందీవాళ్ళు కూడా తిరిగి చూశారు. మూడు మునకలు వేశాను. నీళ్ళు మంచులా ఉన్నాయి. అయినా కోపం చల్లారలేదు.

రైల్లో వచ్చేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆదివారం వస్తుంది కదా, అప్పుడు చూద్దాంలే చిట్టీ అన్నాడు. ఆదివారం వచ్చింది. వండాను. ఆయనకు వడ్డించి నేను మజ్జిగ పోసుకున్నాను. ఆయన నవ్వు ఆగింది.

ఎనిమిదేళ్ళు అలాగే గడిచింది. ఒక పళ్ళెం రెండు పళ్ళాలైంది.

14 డిసెంబర్, శనివారం, మధ్యాహ్నం

కళ్ళు తిరుగుతున్నాయి. కోపంతో.

పొద్దున కంటి డాక్టరు దగ్గరికని సూర్యకళతో రావులపాలెం వెళ్ళాను. సెంటర్లో ఆటో దిగాను. ఎదురుగా నేను. మూడంతస్తుల ఎత్తున. కళ్ళు మూసుకుని ముక్క నోట్లో పెట్టుకుంటున్నాను. పెదాలు తెరిచి ఉన్నాయి. పక్కన పెద్ద అక్షరాలు. సూర్యకళ చదివింది: మా చిట్టెమ్మ మామ్మ కూడా ఆగలేకపోయింది, ఆదివారం అంటే వేట.

ఆ ముక్క నేను చూపించడానికి ఎత్తిందే. కంప్యూటర్లో నోటి దగ్గరికి తెచ్చారు. కళ్ళు పొగకు మూసుకున్నప్పటివి.

బండి మీద అరటిపళ్ళు అమ్మే మనిషి నన్ను గుర్తుపట్టి, ఏంటి మామ్మగారూ, కాశీలో వదిలేశానని వీడియోలో చెప్పారు, మళ్ళీ మొదలెట్టారా అంది. పక్కనున్నావిడ, పోనీలెండి, ఈ వయసులో తినకపోతే ఎప్పుడు తింటారు అని ఓదార్చింది. నన్ను ఓదార్చింది! డెబ్భై ఆరేళ్ళలో మాట తప్పావని నన్ను ఎవరూ అనలేదు. తిట్టారు, శాపాలు పెట్టారు. ఆ మాట మాత్రం అనలేదు.

జయపాల్‌కు ఫోను చేయించాను. నిడదవోలు నుంచి రామచంద్రపురం దాకా పదకొండు హోర్డింగులట. కంపెనీవాళ్ళు నన్ను అడక్కుండా చేశారండీ అన్నాడు. మరి తీయించు అన్నాను. సంఘంలో చిన్న చిన్న కొట్లవాళ్ళందరం కలిసి డబ్బు పెట్టుకున్నామండీ, ఇప్పుడు తీసేస్తే మామ్మగారికి ఈ మాంసం తిని జబ్బు చేసిందంటారు, మా కొట్లు మూసుకోవాలండీ అన్నాడు. ఇరవై రెండో తారీఖు ఆదివారం రాజమండ్రిలో సభ ఉందట. స్టేజీ మీద జనం ముందు ఒక్క ముక్క తినండీ, ఇక ఆ బొమ్మ అబద్ధం కాదు కదండీ అన్నాడు.

అంటే వాళ్ళ అబద్ధాన్ని నేను తిని నిజం చేయాలి.

15 డిసెంబర్, ఆదివారం

వండలేదు. పొయ్యి వెలిగించలేదు. సూర్యకళ బజారు నుంచి ఇడ్లీలు తెచ్చింది.

16 డిసెంబర్, సోమవారం, మూడు గంటలు

తబిత అడిగింది. ఒక్క ముక్కే కదా చిట్టెమ్మ గారూ, కొట్లవాళ్ళు బతుకుతారు, గంగమ్మ తల్లి అర్థం చేసుకోదా అంది. తబిత చర్చికి వెళ్ళే మనిషి. గంగమ్మ తల్లి మనసు నీకెలా తెలుసు అని కసిరాను. తర్వాత, గంగమ్మ కాదు అడ్డం అని చెప్పాను. ఇది సూర్యకళకు కూడా తెలియదు. రాయి.

2012, వైశాఖం. ఆయనకు ఊపిరితిత్తులు పాడైపోయాయి. కాకినాడ ఆస్పత్రిలో ఇక ఇంటికి తీసుకెళ్ళండి, అడిగింది పెట్టండి అన్నారు. ఆదివారం పొద్దున మామిడికాయ వేసి వేట వండమన్నాడు. జయపాల్ వాళ్ళ నాన్న స్వయంగా తెచ్చిచ్చాడు. వండాను. గోడకు దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. రెండు ముద్దలు తిన్నాడు. మూడోసారి ఒక ముక్క తీశాడు. మెత్తటి ముక్క. తన నోటికి పెట్టుకోలేదు. నా వైపు చాపాడు.

ఒక్క ముక్క చిట్టీ, నాతో పాటు తిను అన్నాడు.

కాశీలో అన్న మాట కాశీలో అన్నదే అన్నాను.

చెయ్యి దించలేదు. మనిషికి గ్లాసు ఎత్తే బలం లేదు, ఆ చెయ్యి మాత్రం అలాగే ఉంది. వేళ్ళ సందుల్లోంచి పులుసు మోచేతి దాకా కారింది. నేను చెంగుతో ఆ పులుసు తుడిచాను. ముక్క మాత్రం తీసుకోలేదు. కాసేపటికి ముక్కను పళ్ళెం అంచున పెట్టేశాడు. కోపం లేదు ముఖంలో. బుధవారం పోయాడు.

ఆ పళ్ళెం కడిగింది నేనే.

ఆయన చెయ్యి చాపితే తిననిదాన్ని, కెమెరా చాపితే తింటానా?

ఇదీ నా వాదన. గంగమ్మకు, సంఘానికి, ఎవరికైనా ఇదే.

తబిత పెన్ను కింద పెట్టేసింది. పైన రెండు లైన్లు మళ్ళీ చెప్పి రాయించాల్సి వచ్చింది. చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. పెన్ను నా గుమ్మంలో పడి ఉంది. ఈ చివరి ముక్కలు సూర్యకళ చేత, పైది చదవొద్దని చెప్పి రాయించాను.

17 డిసెంబర్, మంగళవారం

తబిత రాలేదు. ఇది కూడా సూర్యకళే రాస్తోంది, తబిత రాని రోజుల్లో ఇక ఇంతే. కోడలి చేత ఎక్కువ రాయించను.

18 డిసెంబర్, బుధవారం, ఉదయం

తబిత వచ్చింది. కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కూర్చుని అదంతా నీ చేత్తోనే రాయి అన్నాను. తబిత చెప్పింది తబిత చేతే రాయిస్తున్నాను. ఒక్క ముక్క వదలకూడదు.

అప్పట్లో తబిత మా పక్కన ఉండేది కాదు. బడి వెనక వీధిలో ఉండేది. భర్త పక్షవాతంతో మంచాన ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. మేం కాశీ నుంచి వచ్చిన రెండో ఆదివారం మా ఆయన సైకిల్ వాళ్ళ ఇంటి ముందు ఆగిందట. హ్యాండిలుకు రెండు టేకాకు పొట్లాలు. ఒకటి తీసి తబిత చేతికిచ్చాడట. ఎందుకండీ అంటే, ఇది మా ఆవిడ వాటా టీచరుగారూ, ఆవిడ మళ్ళీ తినేదాకా మీ దగ్గర దాచండి అన్నాడట. మాంసం ఎలా దాస్తామండీ అంటే, మీ అమ్మాయిల పొట్టల్లో దాచండి, అక్కడైతే పాడవదు అన్నాడట.

అచ్చం ఆయన మాటే. తబిత కల్పించలేదు. ఆవిడకు అంత సరసం రాదు.

ఎనిమిదేళ్ళు. ప్రతి ఆదివారం. తబిత వద్దంటే, నాది కాదండీ, వెనక్కి తీసుకోవడానికి నాకు అధికారం లేదు అనేవాడట. మా ఆవిడకు మాత్రం చెప్పకండి, నేను కాచుకుని కూర్చున్నానని తెలిస్తే ఇంకా బిగుసుకుంటుంది అన్నాడట. అందుకని తబిత చెప్పలేదు. ఆయన పోయాక కూడా చెప్పలేదు. పక్కింట్లోకి వచ్చి ఆరేళ్ళైనా చెప్పలేదు. మొన్న ఆ చెయ్యి సంగతి విన్నాక ఆగలేకపోయిందట.

జయపాల్‌కు ఫోను చేయించాను. నిజమేనా అన్నాను. అందరికీ తెలుసండీ మామ్మగారూ అన్నాడు. కాలవ వైపు తిరిగి నిలబడి పేర్లు చెప్పేటప్పుడు ఒక కుప్పకు బుల్లియ్య అనేవారట, ఇంకో కుప్పకు చిట్టెమ్మ అనేవారట. కాశీలో వదిలేసిన మనిషికి వాటా ఏంటి బాబాయ్ అని నవ్వితే, వదిలింది ఆవిడ, నేను వదల్లేదు అనేవారట.

పాతిక ఇళ్ళకు తెలుసు. నాకు తెలియదు. ఊరంతటినీ పేరు పేరునా తిట్టాను. తబిత అవి రాయనంది. ఒట్టు గుర్తు చేశాను. అయినా రాయలేదు.

19 డిసెంబర్, గురువారం

పూజ చేశాను. తబిత ఇంటి వైపు చూడలేదు.

22 డిసెంబర్, ఆదివారం, సాయంత్రం

రాజమండ్రి వెళ్ళి వచ్చాం, నేను, సూర్యకళ, పిలవకుండానే కారెక్కిన తబిత. నడుం విరిగింది.

గోదావరి గట్టు పక్కన పెద్ద హాలు. కొట్లవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకుని పెళ్ళాం పిల్లలతో వచ్చారు. పెళ్ళివాళ్ళలాగే ఉన్నారు. గుండె డాక్టరుగారు మాట్లాడాడు. కొవ్వు తీసేసి మితంగా తినండి, నడవండి అన్నాడు. కొట్లవాళ్ళు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హారతి పిల్ల మంచిదే. నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఇంకెప్పుడూ బకెట్లో ఉమ్మకే అని చెవిలో చెప్పాను. సిగ్గుపడింది.

నా ముందు గిన్నె పెట్టారు. మూత తీశారు. గసగసాలు తక్కువ, వాసనకే తెలిసింది. జయపాల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రసన్నకుమార్ వేలు పైకెత్తాడు, కెమెరా తిరుగుతోందని.

మైకు తీసుకున్నాను. తబిత గుర్తుపెట్టుకుని రాస్తోంది.

అయ్యా, బయట బొమ్మలో ఉన్న చెయ్యి నాది, నోరు నాది, చేతికీ నోటికీ మధ్య దారి మాత్రం కంప్యూటర్ది అన్నాను. నేను ఇరవై ఏళ్ళుగా తినలేదు, ఇవాళ కూడా తినను, జబ్బు చేసి కాదు, మొండితనం చేత అన్నాను. వేట ఒంటికి మంచిదో కాదో డాక్టరుగారు చెప్పారు, నాకు తెలియదు అన్నాను. నాకు తెలిసింది చెప్పాను. ఒక పోతును ఒక ఇల్లు తినలేదు. అందుకని పాతిక ఇళ్ళు కలిసేవి. మా ఆయన వీపు తిప్పి నిలబడి వాటాలు పంచేవాడు. తినని నా పేరు కూడా ఎనిమిదేళ్ళు పిలిచాడు. ఆయన చివరిసారి చెయ్యి చాపితే నేను తినలేదు. మీ ఇంట్లో ఎవరైనా చెయ్యి చాపితే తినండి, నాలాగ వాదించకండి. ఇంతే చెప్పాను.

చప్పట్లు లేవు. ముందు వరసలో ఒక కొట్టు ఆయన భార్య ముక్కు చీదుకుంది. ప్రసన్నకుమార్ వేలు దించడం మర్చిపోయాడు.

జయపాల్ నన్ను కారు దాకా దింపాడు. తలుపు వేస్తూ, మా నాన్న ఉంటే మిమ్మల్ని మెచ్చుకునేవాడండీ, నేను మెచ్చుకోలేను, నాకు కొట్టుంది అన్నాడు. న్యాయమే. అది కూడా రాయమన్నాను.

25 డిసెంబర్, బుధవారం

తబిత క్రిస్మస్. కేకు పంపింది. రావులపాలెం హోర్డింగులో నా నోటి మీద తెల్ల కాగితం అంటించారని సూర్యకళ చెప్పింది. ఇప్పుడు ముసుగు వేసుకున్న దొంగలా ఉన్నానట. ఉండనీ.

26 డిసెంబర్, గురువారం, ఉదయం

పదకొండో తారీఖున కాశీ సంగతి రాయించినప్పుడు ఒక మాట దాచాను. అబద్ధం చెప్పలేదు. దాచాను. ఇవాళ చెప్తున్నాను.

నేను వేట వదిలేస్తున్నానని అరిచినప్పుడు పంతులుగారు చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మా, ఇక్కడ వదిలేది దేవుడికి నైవేద్యం పెట్టేవే, మాంసం లెక్కలోకి రాదు, దానికి సంకల్పం చెప్పను, కాయ పేరేదైనా చెప్పండి అన్నాడు. నేను కాయ పేరు చెప్పలేదు. సంకల్పం లేకుండానే మునిగాను. అంటే గంగమ్మకు నేను ఇచ్చిన మాటే లేదు. ఇచ్చుకున్నదంతా నా కోపానికి.

ఆయన పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు. అందుకే రైల్లో అంత నవ్వాడు. ఈ మాట చెల్లదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తెలుసని నేను ఒప్పుకుంటానేమోనని ఎనిమిదేళ్ళు చూశాడు. చివర్న చెయ్యి చాపాడు.

తబిత పుస్తకం మూసి, ఆదివారం మా ఇంట్లో వండుతాను, నాకు మీలా రాదు, ఎలా ఉన్నా తినాలి అంది. నేను వస్తానని ఎవరన్నారు అన్నాను. రావక్కర్లేదు, నేనే తెస్తాను, మీ వాటా మీ ఇంటికే రావాలి కదా అంది. టీచర్లకు ఈ పొగరు రిటైరైనా పోదు.

28 డిసెంబర్, శనివారం

వద్దని చెప్పి పంపాను. సూర్యకళ వెళ్ళి, అత్తయ్యగారు వద్దంటున్నారండీ అని చెప్పిందట. సరే అని తబిత తలుపు వేసుకుందట. లోపల సన్నికల్లు చప్పుడు వినిపిస్తోంది.

29 డిసెంబర్, ఆదివారం, పన్నెండున్నర

నేను తబితను, నేనే రాస్తున్నాను. చిట్టెమ్మ గారు ఇవాళ ఏమీ చెప్పలేదు. పళ్ళెం ఒక్కటే పెట్టమని సైగ చేశారు. ఇద్దరం కూర్చున్నాం. తర్వాత పుస్తకం తెరిచి, ఏం రాయమంటారండీ అని అడిగాను. ఆగమని ఎడమచెయ్యి ఎత్తారు.

నోట్లో ముక్క ఉంది.